సొసైటీ ఎన్నిక తేదీ రాకముందే మన ఏజెంట్లకు శిక్షణ

బోర్డు మీద ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం అని రాసి ఉన్నా మన ఊళ్లలో దాన్ని అందరూ పిలిచేది సొసైటీ అనే. పంట రుణానికి అక్కడికే పోతాం. యూరియా లారీ వచ్చిందంటే అక్కడే వరుస కడతాం. చాలా చోట్ల ధాన్యం కాటా పెట్టేది కూడా సొసైటీయే. రుణం ఇచ్చినప్పుడల్లా మన దగ్గర కోసుకున్న వాటాధనం దాని మూలధనంలో ఉంది. అంటే అది మన సొత్తు. దాన్ని ఎవరు నడపాలో చెప్పాల్సింది సభ్యులమైన మనమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట సభ్యులు చివరిసారి చెప్పింది 2013లో. ఆ పాలకవర్గాల గడువు తీరాక పర్సన్ ఇన్‌చార్జులు వచ్చారు, నామినేటెడ్ త్రిసభ్య కమిటీలు వచ్చాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కమిటీల్లో పేర్లు మారాయి గాని బ్యాలెట్ పెట్టె మాత్రం బయటికి రాలేదు. తెలంగాణలో 2020 ఫిబ్రవరి 15న పోలింగ్ జరిగింది. ఐదేళ్ల గడువు 2025 ఫిబ్రవరిలో తీరితే, ఎన్నికకు బదులు పొడిగింపు ఉత్తర్వు వచ్చింది.

గడువులోపు ఎన్నిక జరగాలన్న నియమం 97వ రాజ్యాంగ సవరణలో ఉండేది. అది 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్ర సహకార సంఘాలకు సంబంధించినంత వరకు ఆ భాగం చెల్లదని 2021 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు సవరణ చేసిన పద్ధతి మీద వచ్చింది. సొసైటీలను ఎన్నిక లేకుండా నడపవచ్చని కోర్టు ఎవరికీ చెప్పలేదు. కాబట్టి ఎన్నికలు పెట్టాలన్న మన డిమాండు న్యాయమైనదే. దాన్ని వదిలేది లేదు.

ఈ నెల మేము చెప్పదలచింది ఆ డిమాండుకు జంటగా ఉండాల్సిన మరో పని గురించి. రేపు నిజంగానే తేదీ ప్రకటిస్తే పోలింగ్ గదిలో బల్ల మీద కూర్చునేది ఎవరు? లెక్కింపు దగ్గర నిలబడేది ఎవరు? వాళ్లకు ఆ పని తెలుసా?

ఆంధ్రప్రదేశ్ సంగతే చూడండి. 2013లో పదో తరగతి చదివిన కుర్రాడు ఇవాళ తండ్రి పొలం చేస్తున్నాడు. సొసైటీ ఓటు ఎలా వేస్తారో అతను చూడనే లేదు. ఆనాడు ఏజెంట్లుగా కూర్చున్నవారిలో కొందరు పెద్దవాళ్లయ్యారు, కొందరు లేరు. ఆనాడు ఎన్నిక జరిపిన సహకార శాఖ ఉద్యోగుల్లో చాలామంది రిటైరై ఉంటారు. అసెంబ్లీ ఎన్నికల డ్యూటీ చేసిన ఉద్యోగికి ఓటింగ్ యంత్రం అలవాటు. బ్యాలెట్ కాగితం మడత విప్పి, ముద్ర చూసి, చెల్లుతుందో లేదో తేల్చడం వేరే పని. ఓటరు, ఏజెంటు, ఉద్యోగి ముగ్గురికీ కొత్తయిన చోట పొరపాటుకైనా, మోసానికైనా ఒకే తలుపు తెరుచుకుంటుంది.

తేదీ వచ్చాక నేర్పుకుందాం అంటే కుదరదు. 2020లో తెలంగాణలో నోటిఫికేషన్ నుంచి పోలింగ్ దాకా ప్రక్రియ అంతా దాదాపు రెండు వారాల్లో అయిపోయింది. ఆ రెండు వారాలు నామినేషన్లకు, ఉపసంహరణలకు, ఇంటింటి తిరుగుడుకే చాలవు. పోలింగ్ ముందురోజు రాత్రి ఎవరో ఒకరిని పట్టుకుని, ఫారం మీద సంతకం చేయించి, పొద్దున్నే పోయి కూర్చోమంటే ఆ మనిషి ఏం చూస్తాడు? ఎదురుగా జరిగేది కళ్లకు కనిపిస్తుంది, అందులో తప్పేదో తెలియదు.

సొసైటీని సాధారణంగా 13 ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీస్తారు. ఒక్కో దాని నుంచి ఒక డైరెక్టరు. ఒక్కో నియోజకవర్గంలో ఓటర్లు చాలా చోట్ల కొన్ని వందలకు మించరు. అంత చిన్న లెక్కలో నాలుగు ఓట్లు అటూఇటూ అయితే డైరెక్టరు మారతాడు. ఇద్దరు డైరెక్టర్లు మారితే అధ్యక్షుడు మారతాడు. సొసైటీ అధ్యక్షుల ఓట్లతోనే జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పాలకవర్గం ఏర్పడుతుంది. మన ఊరి బల్ల దగ్గర జరిగిన పొరపాటు జిల్లా బ్యాంకు దాకా పోతుంది.

శిక్షణలో మూడు పనులు నేర్పాలి.

మొదటిది ఓటర్ల జాబితా. ఎన్నికలో సగం ఇక్కడే తేలిపోతుంది. పంచాయతీ ఓటర్ల జాబితాను అసెంబ్లీ జాబితా ఆధారంగా తయారుచేస్తారు. సొసైటీ జాబితా సొసైటీ సభ్యత్వ పుస్తకం నుంచి వస్తుంది. ఆ పుస్తకంలో చనిపోయినవారి పేర్లు ఉంటాయి. వారసులు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టి ఉండరు. పాస్‌బుక్కులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఒకటి, సొసైటీ లెడ్జరులో మరొకటి. పెళ్లయి వచ్చిన ఆడవాళ్ల పేర్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. కౌలు రైతు చేతిలో 2019 చట్టం కింద ఇచ్చిన పంట సాగుదారు హక్కుల కార్డు ఉన్నా, సొసైటీలో సభ్యత్వం లేకపోతే ఓటు లేదు. ప్రతి ఊళ్లో మన కార్యకర్తలు ఇద్దరు ఇప్పుడే సభ్యుల జాబితా అడిగి తీసుకుని ఇంటింటికీ తిరగాలి. చనిపోయినవారెవరు, వలస పోయినవారెవరు, పేరు తప్పున్నవారెవరు అన్నది కాగితం మీద పెట్టాలి. బాకీ ఉన్నవారి సంగతేమిటి, సభ్యత్వం ఎంతకాలం నిండాలి అన్న నియమాలను ఎవరి నోటి మాట మీదా నమ్మకుండా సహకార శాఖ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ముసాయిదా జాబితా అతికించిన రోజున అభ్యంతరాలు మన చేతిలో సిద్ధంగా ఉండాలి.

రెండోది పోలింగ్ గది. ఏజెంటు పోలింగ్ మొదలయ్యేలోపే అక్కడ ఉండాలి. పెట్టె ఖాళీగా ఉందని చూపించాక, సీలు వేసేటప్పుడు దగ్గరుండి చూడాలి. ఎన్ని బ్యాలెట్లు వచ్చాయి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అన్నది నోటుపుస్తకంలో రాసుకోవాలి. ముగిసేటప్పుడు వాడినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని మళ్లీ రాసుకోవాలి. ఈ రెండు అంకెలు కలవకపోతే లెక్కింపుకు ముందే అడగాలి. వచ్చిన మనిషి జాబితాలోని మనిషేనా అని అనుమానం వస్తే, అతను బ్యాలెట్ తీసుకోకముందే ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. పెట్టెలో పడ్డాక అరిచి లాభం లేదు. చూపు లేనివారికి, చేయి వణికే ముసలివాళ్లకు సాయంగా వచ్చేవారిని గమనించాలి. ఒకే మనిషి పదిమందికి సాయం పట్టుకొస్తుంటే అది సాయం కాదు.

మూడోది లెక్కింపు. 2020లో తెలంగాణ సొసైటీల్లో మధ్యాహ్నం 1 గంటకు పోలింగ్ ముగిసి, 2 గంటలకు లెక్కింపు మొదలైంది. పొద్దున్నుంచి కూర్చున్న మనిషికి ఆ గంటలో అన్నం తినే వీలు కూడా ఉండదు. అందుకే లెక్కింపుకు వేరే మనిషి ఉండాలి. చెల్లని ఓటు ఏదో అతనికి చేత్తో పట్టుకుని చూసినంత బాగా తెలియాలి. ఏ ముద్రా లేకపోతే చెల్లదు. ఇద్దరికి వేస్తే చెల్లదు. వేసినవారెవరో తెలిసేలా సంతకమో, పేరో రాస్తే చెల్లదు. కాని మడత పెట్టినప్పుడు సిరా అవతలి గడికి అంటితే అది రెండో ఓటు కాదు. అసలు ముద్ర ఏదో, అంటిన మరక ఏదో చూస్తే తెలిసిపోతుంది. ఒకే అభ్యర్థి గడిలో రెండుసార్లు ముద్ర వేసినా, ముద్ర మసకగా పడినా, ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే కొట్టేయడానికి కారణం కాదు. ఎన్నికలన్నిటికీ మూలమైన సూత్రాలు ఇవి. సొసైటీ ఎన్నికకు అధికారులు ఇచ్చే మార్గదర్శకాల ప్రతిని కూడా పక్కన పెట్టుకుని చదివించాలి. తిరిగి లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించకముందే, కారణం చూపిస్తూ, కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఇవన్నీ ఉపన్యాసంలో చెబితే చెవిన పడి పోతాయి. చేయించి నేర్పాలి. ఒక అట్టపెట్టె, యాభై నకలు బ్యాలెట్లు, ఒక ముద్ర, ఒక సిరా ప్యాడ్ చాలు. వాటిలో పది బ్యాలెట్లను కావాలనే రకరకాలుగా పాడుచేసి కలపండి. కార్యకర్తలను రెండు పక్షాలుగా కూర్చోబెట్టి లెక్క పెట్టించండి. మొదటిసారి రెండు పక్షాల లెక్కా కలవదు. వాదించుకుంటారు, నియమం చదువుకుంటారు, రెండోసారి కలుస్తుంది. నాట్లూ కోతలూ లేని రోజు చూసుకుని మండలానికి ఒక పూట పెడితే సరిపోతుంది. ఆడవాళ్లు సగంమంది ఉండాలి. మహిళా సభ్యుల వేలు పట్టుకుని ఎక్కడ ముద్ర వేయాలో చూపించే మగవాళ్లను ఆపగలిగేది ఆ గదిలో కూర్చున్న మరో మహిళే.

మా ప్రతిపాదనలో కొందరికి మింగుడుపడని మాట ఒకటి ఉంది. ఈ శిక్షణకు మన అభ్యర్థుల మనుషులనే కాక, పోటీలో నిలవదలచిన ఎవరి మనుషులు వచ్చినా రానివ్వాలి. సొసైటీ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు గాని వెనక పార్టీలు ఉంటాయని అందరికీ తెలుసు. అవతలి వాళ్లకు మనమే నేర్పడమేమిటని మన కార్యకర్తలు అడుగుతారు. ఆలోచించండి. ఎన్నిక అయిన మర్నాడు ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే కాలువ నీళ్లు పంచుకోవాలి. ఒకే కూలీలను పిలవాలి. ఒకే సొసైటీలో అప్పు కట్టాలి. రెండు పక్కల ఏజెంట్లకూ నియమం తెలిసి, ఇద్దరూ చూసి, ఇద్దరూ సంతకం పెట్టిన ఫలితాన్ని ఊరు ఒప్పుకుంటుంది. ఒక పక్క మాత్రమే తెలిసి గెలిస్తే అయిదేళ్లూ గొడవే. నియమం తెలియని ఏజెంటు గొంతు పెంచుతాడు, తెలిసినవాడు కాగితం రాసి ఇస్తాడు. మనకు రెండో రకం మనుషులు రెండు వైపులా కావాలి.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఏకగ్రీవం చేసుకుంటే ఈ తంటా ఏమీ ఉండదు కదా అని. సభ్యులందరూ కూర్చుని, మాట్లాడుకుని, ఒక మనిషిని ఒప్పుకుంటే మంచిదే. నలుగురు పెద్దలు ఒక ఇంట్లో కూర్చుని పంచుకుని, మిగతావారిని నామినేషన్ వేయవద్దని బెదిరిస్తే అది ఏకగ్రీవం కాదు. ఓటు వేయడం, కాయడం తెలిసిన సభ్యులున్న ఊళ్లో అలాంటి బేరం అంత తేలిగ్గా సాగదు.

ప్రభుత్వాలను కూడా అడగాల్సినవి ఉన్నాయి. ఎన్నిక విధులకు వచ్చే ఉద్యోగులకు బ్యాలెట్ లెక్కింపు మీద చేతితో చేయించే శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణలో చెప్పే నియమాలనే తెలుగులో చిన్న పుస్తకంగా వేసి ప్రతి సొసైటీ గోడకు తగిలించాలి. జాబితా సవరణకు పోలింగ్ ముందు వారం కాకుండా తగినంత గడువు ఇవ్వాలి. ఉద్యోగి మనకు శత్రువు కాడు. తెల్లవారకముందే వచ్చి, లెక్క ముగిసే దాకా కూర్చుని, రెండు పక్షాల తిట్లూ తినే మనిషి అతను. అతనికి నియమం బాగా తెలిస్తే ముందు లాభపడేది మనమే.

ఈ నెలాఖరులోగా ప్రతి మండల కమిటీ మూడు పనులు చేయాలని కోరుతున్నాం. సొసైటీ వారీగా ఇద్దరేసి కార్యకర్తల పేర్లు, అందులో ఒకరు మహిళ, రాసి పంపండి. సభ్యుల జాబితా కోసం సొసైటీకి దరఖాస్తు పెట్టి, రశీదు తీసుకోండి. శిక్షణ పూట ఏ రోజో నిర్ణయించండి. తేదీ ఎప్పుడొస్తుందో ప్రభుత్వం చేతిలో ఉంది. వచ్చిన రోజున అట్టపెట్టె కోసం వెతుక్కోకుండా ఉండటం మన చేతిలో ఉంది.