రోగి పేరుమీద ఉన్న రిపోర్టు రోగికి చూపవద్దా?

మెదడులో గడ్డ ఉన్నదని తేలిన యువకుని వెంటబెట్టుకొని తల్లిదండ్రులు నావంటి వైద్యుని వద్దకు సాధారణంగా రెండు కోరికలతో వస్తారు. కత్తి పెట్టకుండా మూలికలతో గడ్డ కరిగించమనేది ఒకటి. అబ్బాయికి మాత్రం సంగతి తెలియనీయవద్దనేది రెండవది. ఈ రెండవ కోరిక గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని చాలాకాలంగా అనుకొంటున్నాను.

మొదటిదానికి సమాధానం సులువు. గురుకులంలో సుశ్రుత సంహిత వల్లె వేసినవాడిని. అర్బుదాలను ఆరు విధాలుగా చెప్పి, వాటిలో కొన్ని అసాధ్యాలని సుశ్రుతుడే విడదీశాడు. శస్త్రసాధ్యమైన దానికి శస్త్రమే మార్గమన్నది ఆయన సంప్రదాయం. పుర్రె గట్టి ఎముక. లోపల గడ్డ పెరిగితే చోటు పెరగదు, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిని ఏ కషాయమూ దించలేదు. ఉదయం లేవగానే తలనొప్పితోపాటు వాంతులు, పెద్దయిన తరువాత మొదటిసారిగా వచ్చిన మూర్ఛ, చూపు మసకబారడం, ఒక చేతి పట్టు తప్పడం - వీటిలో ఏది కనిపించినా శొంఠి పట్టు వేసుకొంటూ రోజులు గడపరాదు. క్యాన్సరును మా మందు పోగొడుతుందని ప్రకటనలిచ్చేవారున్నారు. అటువంటి ప్రకటనను 1954 నాటి చట్టమే నిషేధించిందని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఇక రెండవ సంగతి. నా వద్దకు వచ్చిన ఒక యువకునికి 24 ఏళ్ళు. ఉద్యోగంలో చేరిన ఏడాదికే బస్సు స్టాండులో మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఎం.ఆర్.ఐ. తీస్తే మెదడు ఎడమభాగంలో, మాటకు సంబంధించిన చోటికి దగ్గరగా గడ్డ కనిపించింది. మెలకువగా ఉంచి ఆపరేషను చేశారు. మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు కనుక, రోగిచేత మాట్లాడిస్తూ, మాట పోకుండా గడ్డను తీయడం నేడు సాధ్యమవుతున్నది. ఇతనిచేత ఎక్కాలు చెప్పించారట. "పదమూడో ఎక్కం దగ్గర తడబడ్డానండీ, అది గడ్డ తప్పు కాదు, బడిలోనూ అంతే" అని నవ్వాడు. ఇంతటి గుండె నిబ్బరమున్న పిల్లవాడికి బయాప్సీ ఫలితం మాత్రం చెప్పలేదు. ఆస్ట్రోసైటోమా అనే క్యాన్సరు గడ్డ అని వచ్చిన కాగితాన్ని తండ్రిగారు బీరువాలో పెట్టి తాళం వేశారు. నీటిబుడగ అని చెప్పారు.

తరువాత రేడియేషనుకు తీసుకువెళ్ళారు. ఆ విభాగం బోర్డు చదవలేనంత చదువురానివాడా అతడు? తల్లిదండ్రులు మందులకని వెలుపలికి వెళ్ళినప్పుడు నాతో అన్నాడు: "నాకు తెలుసునండీ. నాన్నగారు తట్టుకోలేరని తెలియనట్లు ఉంటున్నాను." ఒకే ఇంటిలో ముగ్గురూ ఒకే దుఃఖాన్ని మూడు గదులలో విడివిడిగా మోస్తున్నారు.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి - చికిత్సకు ఈ నాలుగూ పాదాలని చరకుడు చెప్పాడు. రోగికి ఉండవలసిన గుణాలలో అభీరుత్వం, అనగా భయపడకుండుట, ఒకటి. తన బాధను వివరించగల జ్ఞాపకత్వం మరొకటి. దేనితో పోరాడుతున్నాడో తెలియనివాడు ఏమి వివరించగలడు? అదే గ్రంథం ఇంద్రియస్థానంలో, మరణ చిహ్నాలు కనిపించినా అడగనిదే వైద్యుడు చెప్పరాదన్నది కదా అని పండితులెవరైనా ఆక్షేపించవచ్చు. నిజమే. అయితే అది ఆసన్నమరణం గురించిన మాట. రోగనిర్ణయం మరణవార్త కాదు. యువకులలో వచ్చే ఇటువంటి గడ్డలలో ఐ.డి.హెచ్. అనే జన్యువులో మార్పు ఉన్నవి ఎక్కువ. ఆ మార్పు లేని గ్లియోబ్లాస్టోమా కంటె ఇవి సాధారణంగా నెమ్మదిగా నడుస్తాయి. పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గాని, ఏళ్ళ తరబడి జీవితం ఎదుట ఉండవచ్చును. ఆ ఏళ్ళు ఎలా గడపాలో నిర్ణయించుకోవలసినది అతడే.

కీమోథెరపీ మందులు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయవచ్చును. అందుకు ముందే వీర్యం భద్రపరచుకొనే వీలున్నది. ఏమీ తెలియనివాడు ఆ మాట ఎప్పుడు అడుగుతాడు? పెండ్లి చేస్తే కుదుటపడతాడని సంబంధాలు చూసే ఇళ్ళు కూడ ఉన్నవి. అవతలి ఆడపిల్లకు చెప్పకుండా! దీనిని ప్రేమ అనడానికి నా నోరు రాదు.

చెప్పవలసినవారు ఆపరేషను చేసిన డాక్టరుగారు. తల్లిదండ్రులు పక్కన కూర్చోవలెను. ఒక్కరోజే అన్నీ చెప్పనక్కరలేదు. అతడు అడిగినంతవరకు, అడిగినప్పుడు, అబద్ధం లేకుండా చెబితే చాలు. ఆ తండ్రిగారికి నేను ఈ మాటే చెప్పాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. పదిహేను రోజుల తరువాత కొడుకుతో కలిసి వచ్చారు. ఫైలు ఈసారి కొడుకు చేతిలో ఉన్నది.

మా వైద్యానికి పని లేదనడం లేదు. వికారంగా ఉన్నప్పుడు పేలాల జావ, నిద్రకు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేయవచ్చును. తల కుట్లపైన, రేడియేషను పడినచోట ఏ తైలమూ రాయరాదు. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ ఇస్తున్నప్పుడు అతిమధురం వాడరాదు. రెండూ కలిసి రక్తంలో పొటాషియంను తగ్గిస్తాయి. ఆ మాత్రలను గాని, మూర్ఛ మాత్రలను గాని హఠాత్తుగా మానరాదు. భస్మాలు, చూర్ణాలు ఏవైనా క్యాన్సరు డాక్టరుకు చూపిన తరువాతనే వాడవలెను, నేను వ్రాసి ఇచ్చినవి అయినా సరే.