నిచ్చెన పొడవు సరే, పొగకు దారేది?

హైదరాబాద్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ అదే తంతు. ఎన్‌ఓసీ ఉందా అని ఆరా, నాలుగు నోటీసులు, రెండు దుకాణాలకు సీలు, షార్ట్ సర్క్యూట్ మీదికి ఓ నెపం, ఇంకా ఎత్తుకు లేచే నిచ్చెన బండి కొంటామని ఓ హామీ. టీవీల్లో వాదించే పెద్దలు కూడా ఈ గీత దాటరు. బండ్లు కొనవద్దని నేననను. కానీ పొగ బయటికి పోయే దారి తెరవడంలో ఫైర్‌మన్‌కు చేయి తిరిగి ఉండకపోతే ఏ బండి వచ్చినా ఒకటే. రేకు కోసి, షట్టరు చీల్చి, గోడ పగలగొట్టి నేర్చుకోవలసిన పని అది. నేర్చుకోవడానికి పనికొచ్చే కట్టడాలనేమో మనం జేసీబీలకు అప్పగిస్తున్నాం.

ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 23. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబం వాళ్లు, వారి బంధువులు కలిపి 17 మంది. పొగ పీల్చి, ఊపిరాడకే వీరు పోయారని అధికారులే చెప్పారు. గుల్జార్ హౌజ్ ఇల్లు గ్రౌండ్ ఫ్లోరుపై రెండంతస్తుల మేడ. స్వప్నలోక్ మృతులు చిక్కుకున్నది ఐదో అంతస్తులో. ఆకాశహర్మ్యాల కోసం కొనే నిచ్చెన ఈ 23 మందిలో ఎవరి ఊపిరి నిలిపేది?

వేడి పొగ పైకి లేస్తుంది. కప్పు అడ్డం వస్తే పక్కలకు పరుచుకుని, గది నిండుతూ కిందికి దిగుతుంది. పైన దారి దొరికితే బయటికి పోతుంది, కింద మనిషికి గాలీ చూపూ మిగులుతాయి. మన ఇళ్లలో మెట్ల దారే పొగగొట్టమవుతుంది. గుల్జార్ హౌజ్‌లో ఆ మెట్ల వెడల్పు మీటరే. ఇలాంటి ఇళ్లలో డాబా మీది మెట్ల గది తలుపుకు తాళం ఉంటే, దాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో పగలగొట్టాలన్నది ముందే తేలి ఉండాలి.

చెక్క కప్పుల ఇళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలో ఇది అగ్నిమాపక సిబ్బంది నిత్యసాధన. శిక్షణ మైదానంలో ఏటవాలు చట్రం కట్టి, దానిపై ప్లైవుడ్ బిగిస్తారు. కోసిన పలకను తీసేసి కొత్తది పెడతారు. ముందు నేల మీద, తర్వాత వాలు మీద, ఆపైన వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కుతో కోయిస్తారు. అడుగు వేసే ముందు గొడ్డలితో తట్టి కప్పు గట్టిదనం చూడటం, గాలి వీచే వైపు వీపు పెట్టి నిలబడటం, దిగే నిచ్చెన వైపు జరుగుతూ కోయడం వంటివన్నీ ఒంటికి పట్టేదాకా చేయిస్తారు. కూల్చబోయే ఇళ్లను యజమానులు ఇస్తే వాటి మీదా సాధన చేస్తారు.

మనవి కాంక్రీటు శ్లాబులు కదా, కోత ఎందుకంటారు. శ్లాబు కోయమన్నదెవరు? గోదాముల రేకులు, దుకాణాల షట్టర్లు, కిటికీల ఊచలు, అద్దాల ముఖభాగాలు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు మన దగ్గర లేవా? 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాం పైగదిలో నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు బయటపడే దారి లేకనే బలయ్యారు. ఆస్బెస్టాస్ రేకు మాట వేరు. కాలు పెడితే విరుగుతుంది, కోస్తే దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. సాధనకు ఇనుప రేకులు చాలు.

కప్పు తెరిస్తే గాలి తగిలి మంట పెరుగుతుందన్నది రెండో అభ్యంతరం. నిజమే. నీళ్లు సిద్ధంగా లేకుండా తెరిస్తే మంట ఎగదోసినట్టవుతుందని అమెరికాలో యూఎల్ సంస్థ పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు తెరవకూడదో తెలియడానికే సాధన. నిప్పు పెట్టి శిక్షణ ఇస్తే ప్రాణాలు పోవా అనవచ్చు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెయిర్డ్స్‌విల్‌లో పాత ఇంట్లో అలాంటి శిక్షణలోనే ఒక కొత్త వలంటీరు చనిపోయాడు. కాబట్టి నిప్పు వద్దు. కోత నేర్చుకోవడానికి నిప్పెందుకు?

హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో పుట్టిన హైడ్రా సంస్థకు ఒక చేతిలో కూల్చివేత యంత్రాలు, ఇంకో చేతిలో విపత్తు స్పందన దళం. ఒకే సంస్థలో ఉన్న ఈ రెండు చేతులూ కలిస్తే చాలు. కూల్చివేత ఖాయమై, కోర్టు చిక్కులు లేక, ఖాళీ అయిన కట్టడాల్లో గట్టివాటిని ఇంజినీరుతో ఎంపిక చేయించి, కరెంటూ గ్యాసూ తీయించి, జేసీబీ కదలడానికి ముందు ఒక్క రోజు దగ్గరి ఫైర్ స్టేషన్‌కు ఇవ్వండి. షట్టరు, ఊచలు, గోడ, రేకు, తాళం అన్నీ అక్కడే ఉంటాయి, ఖర్చు నామమాత్రం. రోడ్ల వెడల్పు కోసం ఇళ్లు కూల్చే ఆంధ్రప్రదేశ్ పట్టణాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇది జరగకపోవడానికి కారణం తెలియనిదేమీ కాదు. బండి కొంటే టెండరు ఉంటుంది, రిబ్బను ఉంటుంది, ఫొటో ఉంటుంది. సాధనలో చెమట తప్ప ఏముంది? వచ్చేసారి ఏ మంత్రయినా బూడిద ముందు నిలబడి సానుభూతి చెబుతుంటే, ఎన్‌ఓసీ సంగతి పక్కనపెట్టి విలేకరులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ స్టేషన్ సిబ్బంది సాధన కోసం చివరిసారి ఏ తేదీన షట్టరు కోశారు? 23 మంది పొగకు బలయ్యాక కూడా ఆ తేదీ చెప్పలేని ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ప్రమాదానికి బాధ్యుల జాబితాలో తన పేరూ రాసుకోవాలి.