పాచిక పారకపోయినా కథ నడవాలి

గేమ్ డిజైనర్ కావాలన్న ఆశ ఉందా? అయితే మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఓ పెద్ద కథ ఉండే ఉంటుంది. రాజ్యం, శాపం, వెయ్యేళ్ల యుద్ధం, చివర్లో డ్రాగన్. బాగానే ఉంది. కానీ ఇంటర్వ్యూలో ‘ఇందులో ఆడేవాళ్లు చేసేదేంటి? ఓడిపోతే ఏమవుతుంది?’ అని అడిగితే ఏం చెబుతారు?

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటనే చూడండి. టేబుల్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు డంజన్ మాస్టర్. ‘ఎదురుగా కోట గోడ, వానకు తడిసి జారుతోంది’ అంటారాయన. ‘నేను ఎక్కుతా’ అంటారు మీరు. ఎక్కగలరా, లేదా అన్నది పూర్తిగా మాస్టర్ ఇష్టమే అయితే మీరు కథ వింటున్నట్టే, ఆడుతున్నట్టు కాదు. అందుకే రూల్. 2014లో వచ్చిన 5వ ఎడిషన్‌లో మధ్యస్థంగా కష్టమైన పనికి లక్ష్యం 15. ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు మీ పాత్ర నైపుణ్యాన్ని కలుపుతారు. అది 3 అనుకుందాం. అంటే పాచిక మీద కనీసం 12 పడాలి. అవకాశం 45 శాతమే. అది తెలిసీ ‘ఎక్కుతా’ అన్నారంటే మీ పాత్ర ఎలాంటిదో అందరికీ అర్థమైపోయింది. పాచిక ఇంకా పడనే లేదు, కథ మొదలైపోయింది!

మన వైకుంఠపాళిలోనూ పాచిక ఉంది, పాపపుణ్యాల కథా ఉంది. కానీ అక్కడ మీరు నిర్ణయించేది ఏమీ లేదు, పడిన అంకె ఎటు తీసుకెళ్తే అటే.

మరి పాచిక పారకపోతే? కొత్తవాళ్ల డిజైన్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘పడిపోయావు, మళ్లీ వెయ్యి’ అంటే కథ ఆగిపోయినట్టే. విన్సెంట్ బేకర్ 2010లో ‘అపోకలిప్స్ వరల్డ్’లో దీనికో దారి చూపించారు. తర్వాత ‘డంజన్ వరల్డ్’ అనే ఫాంటసీ ఆట కూడా అదే పట్టుకుంది. రెండు మామూలు పాచికలు వేస్తారు. మొత్తం 10 దాటినా, సరిగ్గా 10 వచ్చినా పని అయినట్టే. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది, కానీ మూల్యం చెల్లించాలి. 6, అంతకన్నా తక్కువైతే చిక్కుల్లో పడ్డట్టే. అదనపు అంకెలేవీ కలపకపోతే 36 అవకాశాల్లో పూర్తి విజయం 6 సార్లే. 15 సార్లు గోడైతే ఎక్కుతారు, కానీ కత్తి జారి కింద పడుతుంది. లేదా కాపలావాడికి చప్పుడు వినిపిస్తుంది. తర్వాతి సన్నివేశాన్ని రూలే అందిస్తోంది కదా!

‘రూల్స్ ఎక్కువైతే కథ చచ్చిపోతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క కత్తిదెబ్బకు నాలుగు పట్టికలు తిరగేయాల్సి వస్తే నిజమే, విసుగే. అసలు రూలే లేకపోతే మాత్రం గొంతు పెద్దదైనవాడిదే కథ. గ్రూప్ డిస్కషన్లలో ఈ విద్య చూసే ఉంటారు.

హైదరాబాద్‌లో అయినా, ఇంకెక్కడైనా స్టూడియోకు అప్లై చేసే ముందు ఆ పెద్ద కథను కాసేపు పక్కన పెట్టండి. ఒక్క పేజీలో రూల్స్ రాసి, రెండు పాచికలతో పాటు హాస్టల్‌లో ముగ్గురు స్నేహితుల చేతికివ్వండి. మీరు నోరు విప్పొద్దు. వాళ్లే చదువుకుని ఆడాలి. ఎక్కడ వాదించుకున్నారో, ఎక్కడ విసుగొచ్చి ఫోన్ తీశారో రాసుకోండి. రూల్ మార్చి మళ్లీ ఆడించండి. పోర్ట్‌ఫోలియోలో ఆ కాగితాలే పెట్టండి, కొట్టివేతలతో సహా.