రక్తపోటుపై అలసత్వం తగదు

రక్తపోటు పట్టణాలలో కుర్చీలో కూర్చుని పనిచేసేవారి జబ్బు అనే అపోహ మన పల్లెలలో ఇంకా పోలేదు. ఎండనక వాననక కష్టపడే తమకు ఆ బెడద ఉండదని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలోని రైతులు, కూలీలు చాలామంది ధీమాగా ఉంటున్నారు. లెక్కలు మాత్రం వేరుగా చెబుతున్నాయి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన ఆడవారిలో నూటికి 21 మందికి, మగవారిలో 24 మందికి రక్తపోటు ఎక్కువగా ఉన్నది లేదా వారు దానికి మందు వాడుతున్నారు. తెలంగాణలో ఈ సంఖ్య అంతకన్నా హెచ్చు.

ఈ జబ్బుకు నొప్పి లేదు, జ్వరం లేదు. ఏళ్ళ తరబడి లోలోపలే నరాలను, గుండెను, మూత్రపిండాలను దెబ్బతీసి, ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. ఇంటి పెద్ద మంచాన పడితే కౌలు పోతుంది, కూలి పోతుంది, ఉన్న అరెకరం అమ్మకానికి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు.

పరీక్షలో 140/90 లేదా అంతకు మించి ఉన్నదని తేలితే వేరొక రోజు మళ్ళీ చూపించుకోవాలి. డాక్టరు మాత్ర రాస్తే రోజూ వాడాలి. ఒంట్లో బాగున్నదని, పోటు తగ్గిందని మాత్ర ఆపివేయటమే చాలామంది చేస్తున్న తప్పు. ఆ తగ్గుదల మాత్ర వల్ల వచ్చినదే. మోటారు ఆపితే మడికి నీరు ఆగినట్లే, మాత్ర ఆపితే పోటు మళ్ళీ పెరుగుతుంది.

అయితే తప్పంతా గ్రామీణులపై నెట్టటం న్యాయం కాదు. నాట్ల రోజులలో కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని మాత్రల కోసం పట్టణానికి పొమ్మంటే ఎందరు పోగలరు? 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ చిక్కును గుర్తించింది. తొలివిడత ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఇంటి దగ్గరలోనే నెలనెలా మందు, నర్సు చేతనే పరీక్ష, రానివారిని పేరుపేరునా పిలిపించటం దాని పద్ధతి. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా లభించింది. 2019 నుండి సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది, సంతోషమే. కానీ ఊరి ఉపకేంద్రంలో మాత్ర లేకపోతే పెద్దాసుపత్రికి రోగుల రద్దీ పెరుగుతుందే తప్ప జబ్బు తగ్గదు.

మరొక లోపం ఉన్నది. ఆశా కార్యకర్త పగటిపూట ఇంటికి వచ్చేసరికి మగవారు పొలంలోనో పనిలోనో ఉంటారు. కనుక మిర్యాలగూడ రైస్ మిల్లుల వద్ద హమాలీలకు, సూర్యాపేట మార్కెట్ యార్డులో రైతులకు, కోదాడ వద్ద జాతీయ రహదారిపై లారీ డ్రైవర్లకు, ధాన్యం కొనుగోలు కేంద్రాలలో ఎదురుచూసే వారందరికీ సాయంత్రం వేళల్లో పరీక్షలు జరపాలి. నాట్లు, కోతల కాలంలో రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. ఏ ఉపకేంద్రంలోనూ మందు నిండుకోకుండా వైద్యాధికారులు ముందుగానే చూసుకోవాలి.

ఇంట్లో చేయదగినదీ ఉన్నది. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఐదుగురున్న ఇంట్లో తొక్కులు, పచ్చళ్ళతో సహా కిలో ఉప్పు 40 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళకు అయిపోతున్నదో గృహిణులు ఒకసారి లెక్క చూసుకోవాలి. బీడీ, సారా మానాలి. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు పోటును పెంచుతాయి, మూత్రపిండాలను చెరుస్తాయి. డాక్టరును అడగనిదే వాటిని వాడరాదు.

అధికారులు మందును ఊరికి చేర్చాలి, ఊరివారు దానిని మానకుండా మింగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా నష్టపోయేది పేద కుటుంబమే.