చివరి వంద గజాలు

గండిపేట నీళ్ళు ఒక్కసారి తాగినవాడు హైదరాబాదు వదిలిపోలేడని పాతకాలం వాళ్ళంటారు. ఆ మాటలో కాస్త అతిశయం ఉంటే ఉండవచ్చు గాని, ఒక నగరం తన నీళ్ళను చూసుకుని గర్వపడిన రోజులున్నాయన్నది మాత్రం నిజం. ఇవాళ పాతబస్తీలో ఏ గల్లీలోనైనా నిలబడి అడగండి. నల్లా ఏ రోజు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, వచ్చిన నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, వాసన కొడుతున్నాయా లేదా అన్న మాటలే వినబడతాయి. గర్వం సంగతి దేవుడెరుగు, భయం లేకుండా గ్లాసెడు నీళ్ళు తాగగలిగితే చాలుననుకునే స్థితి!

నగరానికి నీళ్ళు చాలకనే ఈ అవస్థ అని మనలో చాలామంది అనుకుంటాం. కాస్త చరిత్ర తిరగేస్తే సంగతి వేరుగా కనబడుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇరవై ఒక్క కమానులతో కట్టిన మీరాలం చెరువు పాతబస్తీ దాహం తీర్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ విలయం తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సూచనల మీదనే మూసీపై 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీపై 1927లో హిమాయత్ సాగర్ వెలిశాయి. ప్రాణాలు తీసిన నీళ్ళనే పట్టి ఆపి ప్రాణం పోసే నీళ్ళుగా మార్చుకున్నారన్నమాట. ఊరు పెరిగింది. 1965లో మంజీర వచ్చింది. 1990లలో సింగూరు నీళ్ళొచ్చాయి. 2004లో కృష్ణ, 2015లో గోదావరి కూడా వచ్చి చేరాయి. చెరువు నుంచి వాగుకు, వాగు నుంచి మహానదులకు చేయి చాచాం. ఇన్ని నదుల నీళ్ళు తాగే నగరాలు దేశంలో ఎన్ని ఉంటాయి? అయినా పాతబస్తీ ఇల్లాలి బిందెలో నీళ్ళు తేటపడలేదు.

ఆ నీళ్ళు ఎంత ప్రయాసపడి వస్తాయో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. చార్మినారు చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణం చెయ్యడమే కాదు, కనీసం 320 మీటర్లు కొండెక్కినట్టు ఎక్కాలి. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు లేపడానికి ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సూత్రం ప్రకారమే దాదాపు 0.9 యూనిట్ల కరెంటు కావాలి. గొట్టాల రాపిడి, పంపుల నష్టం కలుపుకుంటే ఒక యూనిట్ దాటిపోతుంది. దారిలో కోదండాపురం దగ్గర శుద్ధి చేస్తారు. పటిక వేసి మట్టిని అడుక్కి దించి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలుపుతారు. అంటే ఆ నీళ్ళు శుద్ధి కేంద్రం గడప దాటేటప్పుడు తాగడానికి సిద్ధంగానే ఉంటాయి.

మరి చెడేది ఎక్కడ? చివరి వంద గజాల్లో!

పాతబస్తీ గల్లీలు ఇరుకు. ఆ ఇరుకులోనే మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కన నడుస్తాయి. కొన్నిచోట్ల ఇంటి నల్లా గొట్టం మోరీలో మునిగే పోతుంది. తుప్పు పట్టి చిల్లులు పడ్డ గొట్టంలో నీళ్ళు ఒత్తిడితో పారుతున్నంతసేపు లోపలి నీళ్ళు బయటికి కారతాయే గాని బయటి మురుగు లోపలికి రాదు. కాని మన నల్లా ఇరవై నాలుగు గంటలూ రాదు గదా! చాలాచోట్ల రోజు విడిచి రోజు, అదీ ఏ గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా గొట్టం ఖాళీ. అప్పుడు చుట్టూ నిలిచిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి దిగుతుంది. మళ్ళీ నల్లా వదిలినప్పుడు మొదటి బిందెల్లోకి వచ్చేది అదే. ఆపైన ఒత్తిడి చాలక ఇళ్ళవాళ్ళు నేరుగా గొట్టానికే మోటారు బిగిస్తారు. మోటారు నీటితోపాటు మురుగును కూడా పీలుస్తుంది. నదిలో లేని జబ్బు, శుద్ధి కేంద్రంలో లేని జబ్బు గల్లీ మొదట్లో పుట్టి గ్లాసులోకి చేరుతుంది.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. 2009 మే నెలలో మూసీకి అవతల, ముషీరాబాదు పక్కనున్న భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. అక్కడి గల్లీలకూ పాతబస్తీ గల్లీలకూ తేడా ఏమిటి? కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు మూసీకి ఇవతల ఒడ్డు, అవతల ఒడ్డు చూసి రావు.

“జనం మోటార్లు పెడతారు, బిల్లులు కట్టరు, తప్పు వాళ్ళదే” అని కొందరంటారు. మోటారు పెట్టడం తప్పే, కాదనను. కాని సరైన ఒత్తిడితో రోజూ నీళ్ళు వచ్చే ఇంట్లో ఎవరైనా డబ్బు ఖర్చుపెట్టి మోటారు కొంటారా? 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. మంచిదే. కాని నల్లా నీళ్ళు ఉచితమై, వాటిని నమ్మలేక క్యాన్ నీళ్ళు కొనుక్కోవలసి వస్తే ఆ ఉచితం ఎవరికి లాభం? కొనలేనివాడు నల్లా నీళ్ళే తాగి, ఆ డబ్బు డాక్టరుకు కడతాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాది మెదక్ జిల్లాలో ఘనపురం ఆనకట్ట కింద సేద్యం చేసుకునే కుటుంబం. 1905 నాటి ఆ ఆనకట్ట మంజీర మీదే ఉంది. పైన సింగూరు కట్టి నగరానికి నీళ్ళు మళ్ళించాక, కింద వరి ఎండుతున్నదని, గేట్లు ఎత్తమని రైతులు రోడ్డెక్కిన ఏళ్ళున్నాయి. 2004లో కృష్ణ నీళ్ళు హైదరాబాదు చేరేనాటికి ఆ గొట్టం దాటివచ్చిన నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్ళు ఫ్లోరైడు బోరు నీళ్ళే తాగుతున్నాయి. నగరానికి నీళ్ళివ్వొద్దని మేమెవరమూ అనం. దాహం తీర్చడం మన పల్లెల ధర్మం. కాని పొలం ఎండబెట్టుకుని వదిలిన నీళ్ళు పాతబస్తీ పిల్లవాడి కడుపులోకి మురుగై వెళ్తున్నాయంటే అది ఇచ్చినవాడికీ అన్యాయమే, పుచ్చుకున్నవాడికీ అన్యాయమే.

అందుకని నా మనవి ఒక్కటే. నీళ్ళు మురికిగా వస్తున్నాయని జనం మొరపెట్టుకున్నప్పుడల్లా ఇంకో నది, ఇంకో దశ, ఇంకో శంకుస్థాపన చూపిస్తే సరిపోదు. ముందు గల్లీ గొట్టాలు మార్చండి. మంచినీళ్ళ గొట్టాన్ని మురుగు గొట్టానికి పైన, దూరంగా వేయండి. ఇవాళ కాకపోతే రేపైనా నల్లా ఎప్పుడూ ఒత్తిడితో ఉండేటట్టు చూడండి. ఇంటి దగ్గరే ఉన్న హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌లను కాపాడండి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపు చేస్తూ 1996లో వచ్చిన 111 జీవోను 2022లో సడలించడం నా దృష్టిలో పొరపాటు. దగ్గరి నీళ్ళు పాడుచేసుకుని దూరపు నీళ్ళకు కరెంటు కాల్చడం ఏ లెక్కకు అందుతుంది?

పరీక్షల సంగతి కూడా తేలాలి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, వంద మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలై ఒక్కటి కూడా కనబడకూడదు. ఈ పరీక్ష రిజర్వాయరు దగ్గర చేసి సరిపెట్టుకుంటే లాభం లేదు. గల్లీలో ఆఖరి ఇంటి నల్లా దగ్గర చెయ్యాలి. ఆ ఫలితాన్ని ఉర్దూలోనూ తెలుగులోనూ బస్తీలో అందరికీ కనబడేటట్టు బోర్డు మీద రాయాలి.

మిత్రులారా! మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో బ్యూరెట్లు పట్టుకుని ఏడాదంతా తెలియని ద్రావణాల గాఢత కడుతుంటాం. క్లోరిన్ పరీక్ష అంతకంటే సులువు. మందు వేస్తే గులాబీ రంగు వస్తుంది, రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క తెలుస్తుంది. కొత్తగా ఎన్నికయ్యే విద్యార్థి సంఘం ఒక పని తలపెట్టాలని కోరుతున్నాను. షాలిబండ, యాకుత్‌పురా, తలాబ్‌కట్టా వంటి బస్తీల్లో నెలకోసారి కొన్ని ఇళ్ళ నల్లాలు పరీక్షించి, వచ్చిన అంకెలు తేదీలతో సహా పుస్తకంలో రాసి పెడదాం. అధ్యాపకులు పద్ధతి సరిచూడాలి. ఇంజనీర్లుగా, అధికారులుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు ఆ పుస్తకం తెరిచి చూడాలి. వట్టి ఫిర్యాదును పక్కన పెట్టవచ్చు. తేదీ, ఇల్లు, అంకె ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం అంత తేలిక కాదు.