ఉపనగరముల స్వపరిపాలనము

హైదరాబాదు నగరమును చుట్టియున్న 12 పురపాలక సంఘములు 2007వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన మహానగర పాలక సంస్థలో లీనమైనవి. శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూరు, ఆల్వాలు, మల్కాజిగిరి, కాప్రా, ఉప్పలు కలాను, ఎల్.బి. నగరు, గడ్డిఅన్నారము, రాజేంద్రనగరు అను పదియు నాటి రంగారెడ్డి జిల్లాలోనివి. రామచంద్రాపురము, పటాన్‌చెరు నాటి మెదకు జిల్లాలోనివి. పల్లెలుగా నుండి పట్టణములై, తమకొక కార్యాలయమును, ఒక అధ్యక్షపీఠమును సంపాదించుకొన్న యూళ్లు ఒక్కనాటితో నగరములోని పేటలైపోయినవి.

విలీనమువలన మేలు లేదని మేమనము. మురుగుకాలువకు సరిహద్దులు తెలియవు. ఒక సంఘము త్రవ్వి విడిచిన కాలువ పొరుగు సంఘపు టిండ్లలో పొర్లుట మేలైన పాలనమెట్లగును?

మా యాక్షేపణ వేరు. క్రొత్త సంస్థకు మొదటి యెన్నికలు 2009 నవంబరు 23న గాని జరుగలేదు. అంతవరకు, అనగా రెండున్నర యేండ్లకు పైగా, ప్రత్యేకాధికారియే సభ, అతడే సభాపతి. పన్ను చెల్లించువా రెవరిని ప్రశ్నింపవలెను? సంస్థ క్రొత్తది గనుక ఆలస్యమైనదందురు. మంచిది. ఆ తొలి సభ గడువు 2014 డిసెంబరులో తీరెను. తరువాతి యెన్నికలు 2016 ఫిబ్రవరి 2న జరిగెను. ఈ పదునాలుగు నెలల కే క్రొత్తదనము కారణము?

1993 జూను 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము ఈ విషయమున సందేహమునకు తావీయలేదు. 243-యు అధికరణము ప్రకారము సభ గడువు 5 ఏండ్లు. అది తీరక మునుపే యెన్నికలు ముగియవలెను. నడుమ రద్దయినచో 6 నెలలలోపల జరుపవలెను. పరదేశ ప్రభువైన రిప్పను సైతము 1882 నాటి తీర్మానమున స్థానిక పాలనము ముఖ్యముగా ప్రజలకు రాజకీయ శిక్షణమని యొప్పుకొనెను. స్వరాజ్యమున ఆ పాఠశాలకే సెలవులా!

మరియొక మాట. 2011 జనాభా లెక్కలలో సంస్థ పరిధిలో 67 లక్షలకు పైగా జనముండిరి. నాటి వార్డులు 150. ఒక్కొక్క సభ్యునకు సగటున 45 వేల మంది, అనగా ఒక చిన్న పట్టణమంత! 3 లక్షలకు మించిన పట్టణములలో వార్డు సంఘములుండవలెనని 243-ఎస్ అధికరణము విధించుట యిందుకే. వానికి నిధులు లేనిచో అవి కాగితపు సంఘములే.

సరిహద్దులు మార్చు ఉత్తరువులోనే యెన్నికల తేదీయు వ్రాయబడవలెను. ప్రతి సర్కిలులో వసూలైన యాస్తిపన్ను, అచ్చట వెచ్చించిన సొమ్ము ఏటేట అచ్చువేయించి పఠనమందిరములకు పంపవలెను. ఇందులకు చట్టసవరణము కూడ నక్కరలేదు.