చట్టము గుర్తించిన చుట్టరికము

మన భాషలో ‘అన్న’ యను మాటకు హద్దులు లేవు. తోడబుట్టినవాడు అన్న, పెదతండ్రి కొడుకు అన్న, పెద్దమ్మ కొడుకును అన్నయే. పరదేశపు చట్టము ఈ మాటను చేతబట్టినపుడు మొట్టమొదట చేయు పని దానిచుట్టును కంచె నాటుట. అమెరికాలో పౌరసత్వము పొందిన తెలుగువాడు తనవారిని శాశ్వత నివాసులుగా రప్పించుకొనుటకు అర్జీ పెట్టినచో, తల్లియో తండ్రియో ఉమ్మడిగా లేనివాడు ఆ కార్యాలయము కంటికి సోదరుడు కాడు. పెంచి పెద్దచేసిన మేనత్త తల్లి కాదు. అల్లుడు అత్తమామలకొరకు గాని, మనుమడు అమ్మమ్మకొరకు గాని అర్జీ పెట్టజాలడు. దత్తత సంగతి మరింత కఠినము. దత్తపుత్రుడుగా ఆ దేశము చేరిన బిడ్డద్వారా కన్నతల్లికి ఏ హక్కును సంక్రమింపదు. దత్తు పోయినవాడు కన్నవారిని మరచుట మన యిండ్లలో కనివిని యెరుగుదుమా?

కంచె నాటినందుకు నేను చట్టమును నిందింపను. ఏదో యొకచోట గీత గీయనిదే చట్టము నడువదు. నా అభ్యంతరము వేరు: గీతకు లోపల నున్నవారికి ఇచ్చిన మాట యేమయినది?

మొదట కొంత చరిత్ర చెప్పవలెను. 1917 నాటి శాసనము భారతీయుల వలసకు తలుపు మూసినది. 1946లో ఏటికి 100 మందికి అనుమతి లభించినది. నలువది కోట్ల జనమునకు నూరుమంది! 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన చట్టముతో జాతినిబట్టి వాటాలు పంచు పద్ధతి పోయి, బంధుత్వమునకు పెద్దపీట దక్కినది. ఇందులో నొక వింత కలదు. బంధువులకే ప్రాధాన్యము నీయవలెనని పట్టుబట్టిన ఒహాయో ప్రతినిధి మైఖేల్ ఫీగన్, అప్పటికే అక్కడ నున్న ఐరోపావారి చుట్టములే వత్తురని తలపోసెను. వచ్చినవారిలో అత్యధికులు ఆసియావారు, లాటిను అమెరికావారు. ముందు వైద్యులును ఇంజనీర్లును విద్యాబలముతో వెళ్లిరి. వెనుక వారి తోబుట్టువులు వెళ్లిరి. చుట్టరికము ముందు శాసనకర్తల లెక్కలు నిలువవు.

పౌరుని భార్యకు, లేక భర్తకు, ఇరువది యొక్క యేండ్లు నిండని అవివాహిత సంతానమునకు, తలిదండ్రులకు సంఖ్యాపరిమితి లేదు. తలిదండ్రులను పిలుచువానికి మాత్రము 21 ఏండ్లు నిండియుండవలెను. తక్కినవారందరును వరుసలో నిలువవలసినదే. అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును ప్రపంచమంతటికిని కలిపి ఏటికి 65,000 స్థానములు. అందులోనే వారి భార్యాబిడ్డల లెక్కయు చేరును. దీనిపై, ఏ దేశమునకును నూటికి 7 వంతులకు మించరాదను నియమము. మాల్టా ద్వీపమునకెంతయో భారతదేశమునకును అంతియే. ఫలితముగా 2025లో పిలుపు వచ్చిన భారతీయులు 2006లో అర్జీ పడినవారు.

ఈ యంకెలను ఒక యింటిలో పెట్టి చూడుడు. అక్క అర్జీ పెట్టిన నాడు తమ్మునికి ముప్పదియైదేండ్లు, అతని కూతురికి ఐదేండ్లు అనుకొందము. పిలుపు వచ్చునప్పటికి తమ్మునికి ఏబదినాలుగు, కూతురికి ఇరువదినాలుగు. ఇరువదియొకటి దాటిన సంతానము తండ్రితో పోరాదు. 2002లో చేసిన సవరణ, అర్జీ కార్యాలయములో పరిశీలనకై పడియున్న కాలమునే వయస్సునుండి తీసివేయును. వరుసలో నిలిచిన కాలమును తీసివేయదు. ఈలోపల పిల్లకు పెండ్లియైనచో ఆ మాటయే లేదు. ఇక తండ్రి తేల్చుకొనవలసినది, అక్కయా, కూతురా యని. కుటుంబములను కలుపుటకు పుట్టిన నియమము ఒక కుటుంబమును కలుపుటకు మరియొకదానిని చీల్చుచున్నది. ఇంతకన్న హేయమైన బేరము నేనెరుగను.

అట్లైన తోబుట్టువుల తరగతినే తీసివేయుడని కొందరందురు. 2013లో సెనేటు ఆమోదించిన బిల్లులో ఆ ప్రతిపాదన యుండెను. ప్రతినిధుల సభలో అది ముందుకు సాగలేదు. నేను దానితో ఏకీభవింపను. పరదేశములో ప్రసవమునకును మరణమునకును తోడు నిలుచువాడు సోదరుడే గాని పొరుగువాడు గాడు. కాని అర్జీ పడిననాటి వయస్సునే పిల్లల వయస్సుగా లెక్కింపవలెనని గట్టిగా అడుగుచున్నాను. అందువలన వరుస మరికొంత పొడుగగును. కానిండు, కూతురిని విడిచిపోవుటకంటె మరి రెండేండ్లు కనిపెట్టుకొనియుండుట మేలని ఏ తండ్రియైనను చెప్పును.

పిలుచువాని భారమును తక్కువది కాదు. బీదరికపు గీతకు సాధారణముగా నూటికి 125 వంతుల ఆదాయము చూపి, వచ్చువారిని పోషింతునని పత్రము వ్రాయవలెను. వచ్చినవారు పౌరులగువరకో, సుమారు పదేండ్ల పనికి సరిపడు లెక్క పూర్తియగువరకో ఆ పూచీ తీరదు; భార్యను పిలిచి పిదప విడాకులిచ్చినను తీరదు. తలిదండ్రుల విషయములో మన కుమారులు తరచుగా మరచునదొకటి కలదు. గ్రీన్‌కార్డు చేతికివచ్చినచో అక్కడ నివసింపవలెను. ఊరిలో పొలము చూచుకొనుచు ఏడాదికొకమారు పోయి వచ్చెదమన్న చెల్లదు. ప్రభుత్వపు వృద్ధుల వైద్యబీమాలో చేరుటకు సామాన్యముగా ఐదేండ్ల నివాసము కావలెను. ఈ సంగతులు చెప్పి, వత్తురా యని అడిగి, పిదప అర్జీ పెట్టువారెందరు?

ఉపాధ్యాయులకు ఒక మనవి. జనన ధ్రువపత్రము దొరకనివారికి బడి రికార్డే సాక్ష్యము. అన్న రికార్డులో తండ్రి పేరు సుబ్బారావు, చెల్లెలి రికార్డులో వెంకట సుబ్బయ్య యని యున్నచో, ఇరువురును ఒక్కడే యని నిరూపించుటకు ఊరిలోని వృద్ధులచేత ప్రమాణపత్రములు వ్రాయింపవలసివచ్చును. అప్పటికి ఆ వృద్ధులుండవలెను గదా. జూన్ నెలలో బడిలో పిల్లవాని పేరు చేర్చునపుడు తలిదండ్రుల పేర్లను పొడి అక్షరములతో ముగింపక, ఇంటిపేరుతో సహా పూర్తిగా వ్రాసి, వారికి చదివి వినిపింపుడు.